మేలూరుకు మోసుకెళ్లిన కార్బరేటర్

పోయిన చలికాలం హిమాచల్ మంచుకొండల గురించి రాసిన వ్యాసంలో నేనొక మనిషిని తక్కువచేసి రాశాను. మదురై దగ్గర మేలూరులో ఉండే వరదరాజు అనే మెకానిక్, మేం ఫోన్లో సలహా అడిగితే "ఏది మేలో అది వేసుకోండి" అని చేతులు దులుపుకున్నాడనీ, అందుకే మా మిత్రుడి మంచు స్కూటర్ ఇంజన్ పట్టేసిందనీ రాశాను. అది అబద్ధమని ఈ ప్రయాణంలో తెలిసింది.

మంచు స్కూటర్ అంటే ముందు రెండు స్కీ పలకలు, వెనక రబ్బరు పట్టా ఉండే బండి. మా మిత్రుడు కొండ మీద నడిపే అతిథి గృహంలో పాతది ఒకటుంది. దాని టూ స్ట్రోక్ ఇంజన్‌ను నా మాట మీద కోయంబత్తూరులో రంగస్వామి నాయుడు గారు బాగుచేశారు. కార్బరేటర్ పని మాత్రం ఆయన చెల్లెలి భర్త వరదరాజు గారిది. పట్టేసిన ఇంజన్ మళ్లీ రంగస్వామి గారి దగ్గరికే వచ్చింది. అది సిద్ధమైందని, చూసి లారీకి ఎక్కించమని మిత్రుడు నన్ను పంపాడు.

విజయవాడలో సాయంత్రం రైలెక్కితే పొద్దున్నే కోయంబత్తూరులో దిగాను. గాంధీపురంలో బస్టాండు చుట్టూ లాడ్జీలు బోలెడు. శబ్దం భరించగలిగితే అక్కడ దిగడమే సుఖం. స్నానం, ఇడ్లీ అయ్యాక టౌన్ బస్సులో పీళమేడు వెళ్లాను.

రంగస్వామి గారి వర్క్‌షాపు ఇంటి వెనకే. ఇంజన్ బల్ల మీద మెరుస్తోంది కానీ కార్బరేటర్ విప్పి పక్కన పెట్టి ఉంది. ఈసారి దాన్ని మేలూరు పంపలేదనీ, ఇక్కడే ఎవరికో చూపిస్తాననీ ఆయన ముభావంగా చెప్పారు. కారణం అడిగాను. ఇంజన్ తుడుస్తూ చెప్పారు. వాళ్ల బంధువుల పెళ్లిలో, చిత్తూరు నుంచి వచ్చిన ఒకాయన నా వ్యాసం ఫోన్లో తీసి అందరికీ చదివి వినిపించాడట. ఇక్కడ ఇంట్లో తెలుగే అయినా చదువు అరవంలో, ఇంగ్లిషులో కాబట్టి, తెలుగు చదివేవాడు దొరికితే చుట్టూ జనం చేరతారు. భోజనాల బంతి అంతా నవ్విందట. వడ్డించేవాళ్లు కూడా "మామా, పాయసమా, మజ్జిగా? ఏది మేలో అది పోసుకో" అని ఆటపట్టించారట. వరదరాజు గారు ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. పక్కనే కూర్చున్న రంగస్వామి గారు ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అప్పటినుంచి రాకపోకలు లేవు.

మధ్యాహ్నం భోజనానికి చేతులు కడుక్కున్నాను. గోడకున్న రెండు కడ్డీల మీద రెండు తువాళ్లు. రంగస్వామి గారి భార్య రాజమ్మ గారు వంటింట్లోంచి అన్నారు.

"అన్నా, మేలుది తీసుకోండి."

రెండూ చూశాను. కింది కడ్డీది కొత్తగా, మెత్తగా కనిపించింది. అదే తీశాను.

ఆవిడ బయటికొచ్చి నవ్వారు. "అది గచ్చు తుడిచేదన్నా. మేలుది అంటిని గదా. మేల ఉండేది, మీద ఉండేది."

తడి చేతులతో అలాగే నిలబడిపోయాను. అరవంలో మేల్ అంటే పైన. వీళ్ల తెలుగులోనూ అదే. కొండ మీద ఆ రోజు పొద్దున నా చేతిలో ఉన్నది, మాత్రలు పెట్టుకునేలాంటి చిన్న రెండరల డబ్బా. వరదరాజు గారు పంపిందే. పై అరలో పెద్ద రంధ్రమున్న జెట్టు, కింది అరలో సన్న రంధ్రమున్నది. పెట్రోలు ఇంజన్లోకి పోయేది ఆ రంధ్రం గుండానే. ఆయన ఫోన్లో చలి ఎంతుందో అడిగి, "శరి, మేలుది ఏసుకోండి" అన్నారు. అంతలో సిగ్నల్ పోయింది. ఏది మంచిదో మీరే చూసుకోండి అన్నాడని నేను అక్కడి మెకానిక్‌కు హిందీలో చెప్పాను. ఎత్తయిన చోట గాలి పలచన కాబట్టి సన్నదే మంచిదని అతను కింది అరలోది వేశాడు. ఆ రోజు గడ్డకట్టే చలికి గాలి చిక్కబడి ఉంది, పెట్రోలు చాలలేదు. ఇంజన్ వేడెక్కి, తెల్లటి మైదానం మధ్యలో పిస్టన్ పట్టేసింది.

ఇదంతా రంగస్వామి గారికి చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపేశారు. "అయితే మాప్పిళ్ళె సరిగానే చెప్పినాడు" అన్నారు. మాప్పిళ్ళె అంటే ఇక్కడ చెల్లెలి మొగుడు. భోజనమయ్యాక కార్బరేటర్‌ను గుడ్డ సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. తాను వస్తే మాటలు పెరుగుతాయట.

మర్నాడు పొద్దున ఆరింటికి బయల్దేరాను. మదురై బస్సు గాంధీపురంలో దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. సింగానల్లూరు బస్టాండుకు వెళ్లాలి. పల్లడం, ధారాపురం మీదుగా దాదాపు అయిదు గంటల దారి. ధారాపురం చుట్టూ గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి. కుడివైపు సీటయితే ఎండ తగలదు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నేను ఫోన్లో మాట్లాడటం విని తెలుగులో పలకరించింది. ములక్కాడల కట్ట కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"మీరు మాట్లాడేది టీవీలో మాదిరి ఉండాది" అంది. "ఇంట్లో గూడా ఇట్లేనా మాట్లాడేది?"

ఇంట్లోనూ ఇంతేనంటే నమ్మలేదు. ఒట్టన్‌చత్రంలో దిగిపోతూ, అలసిపోరా అని అడిగింది.

మదురైలో బస్సు ఆరపాళయంలో ఆగుతుంది. అక్కడినుంచి టౌన్ బస్సులో మాట్టుతావణి వెళ్లి, భోజనం చేసి, మేలూరు బస్సెక్కాను. ముప్పావు గంటలో దిగాను.

వరదరాజు గారి షెడ్డు రోడ్డు మీదే. రాతి క్వారీల కంప్రెసర్లు వరసగా ఉన్నాయి. ఆయనకు యాభై దాటాయి. పాలిటెక్నిక్ చదివారు, కుర్రతనంలో బైకు పందేలు నడిపారు, గోడ నిండా ఆ ఫొటోలే. నా పేరు చెప్పగానే తల తిప్పుకున్నారు. సంచి వైపు చూడనే లేదు. నేను స్టూలు మీద కూర్చుని తువాలు సంగతి మొదలుపెట్టి అంతా చెప్పాను. పక్కన కంప్రెసర్ కోసం వచ్చినాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అయితే మేలూరంటే మంచి ఊరనుకొని వచ్చినారా?" అన్నారు వరదరాజు గారు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇంజన్ చంపినానని రాస్తే నాకేమీ లేదు సార్. ఇంజన్లు చస్తాయి. ఏదో ఒకటి ఏసుకో అని చెప్పినానని రాసినారే. ఈ పనిలో ఉండేవాడు ఆ మాట అంటాడా? మా బావ గూడా నమ్మినాడు."

బస్సులో రాసుకున్న సవరణ ఫోన్లో ఉంది. ఆయన తెలుగు చదవలేరు కాబట్టి పైకి చదివాను. రెండో వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపారు.

"పొరపాటు జరిగింది అని ఉండాదే. ఎవురిది?"

"నాది."

"అది రాయండి."

అక్కడే దిద్ది మళ్లీ చదివాను. వరదరాజు గారు సరైన జెట్టు చెప్పారు, ఆయన మాట అర్థం కాక, మళ్లీ అడగకుండా, నేను తప్పు జెట్టు వేయించాను, అది ఆయన మీద రాశాను అని. ఆయన చేతులు తుడుచుకుని సంచి తన వైపు లాక్కున్నారు.

సాయంత్రం దాకా పని చేస్తూనే మాట్లాడారు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఎథనాల్ కలుస్తుంది కాబట్టి జెట్టు రంధ్రం ఇంకొంచెం పెద్దదిగా ఉండాలట. ఎథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, చలికి ఆ నీరు విడిపోయి అడుగుకు దిగుతుంది, అందుకని బండి టాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంచకూడదు. స్పార్కు ప్లగ్గుల్లో వేడిది, చల్లది అని రకాలున్నాయి. దూరాలు గట్టిగా తోలే బండికి చల్లది. అతిథులను కాసేపు తిప్పి ఆపే బండికి చల్లది వేస్తే మసి పడుతుంది, ఒక మెట్టు వేడిది వేయాలి. చివరికి ఒక్క జెట్టే బిగించి ఇచ్చారు. వేరేది అడిగితే లేదన్నారు.

"పెట్రోలు ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లగా అవుతుంది, అంతే. తక్కువైతేనే చావు. ఇది కొంచెం ఎక్కువ పక్కనే ఉండాది."

ఆ రాత్రి మాట్టుతావణి దగ్గర లాడ్జిలో పడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి పీళమేడు చేరాను. రంగస్వామి గారు కార్బరేటర్ బిగించి ఇంజన్ నడిపారు. షెడ్డు నిండా నీలం పొగ. ఆపి, ప్లగ్గు విప్పి, కిటికీ వెలుతురులో తిప్పి దాని మొన రంగు చూశారు, తెల్లబారితే పెట్రోలు చాలనట్టు. తర్వాత ఫోన్ తీసి స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచారు. అవతల వరదరాజు గారు ఎత్తారు.

"మాప్పిళ్ళె, కాఫీ రంగు వచ్చింది" అన్నారు రంగస్వామి గారు.

"పాలు ఎక్కువా, తక్కువా?"

"తక్కువ."

"శరి. అట్లే ఉండనీ బావా. ఆ కొండ చలికి సరిపోతాది."

పెళ్లి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. గాస్కెట్ల గురించి, ఎవరి బావిలోనో పంపు చెడడం గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. రాజమ్మ గారు ఫోన్ దగ్గరికి వంగి, ఆదివారం ఇద్దరూ రావాలనీ, ఆడబిడ్డ వంకలు చెబితే తానే వచ్చి తీసుకొస్తాననీ అన్నారు. నేను ఇంజన్‌ను లారీ ఆఫీసులో అప్పగించి స్టేషన్‌కు వెళ్లాను.

రైలు కదిలాక కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. కోయంబత్తూరు, మదురై వైపు వెళ్లే తెలుగువాళ్లకు తిండికీ బసకీ ఇబ్బంది లేదు. పలకరిస్తే ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టే మనుషులు. వాళ్ల మాటల్లో తెలియని మాట వినపడితే ఎలాగూ అడుగుతాం, ప్రమాదమేమీ లేదు. బాగా తెలిసిన మాట వినపడినప్పుడే ఆగి, ఇంకోసారి అడగండి.