రాతి మీద లేని పేరు: ఐర్లండ్‌లో ఆలిస్ టీచరమ్మ ఊరు

ప్లేనో, జూన్ 18, బుధవారం.

ఐర్లండ్ నుంచి వచ్చి మూడు రోజులైంది. మా తెలుగు చర్చివాళ్ళు, మా అమ్మాయి సుజాత ఆఫీసు స్నేహితులు "ఎలా వెళ్ళారు ఆంటీ, ఎంతయింది?" అని విడివిడిగా అడుగుతున్నారు. ఒకసారి రాసి పెడితే అందరికీ పనికొస్తుంది. ఇంకో కారణమూ ఉంది. అక్కడ మొదలుపెట్టిన పని ఒకటి సగంలో ఉంది. రాసుకోకపోతే అది సగంలోనే ఉండిపోతుంది.

బందరులో నేను చదివిన మిషన్ స్కూల్లో ఆలిస్ టీచరమ్మ మాకు లెక్కలూ తెలుగూ చెప్పేవారు. ఆవిడ ఐర్లండ్ మనిషి. ముప్పై ఏళ్ళ వయసులో పలక పట్టి తెలుగు నేర్చుకున్నారు. రిటైరై తన ఊరు వెళ్ళాక ప్రతి క్రిస్మస్‌కూ నాకు తెలుగులో ఉత్తరం రాసేవారు. ఒక ఏడాది ఉత్తరం రాలేదు. ఆవిడ ప్రభువునందు నిద్రించారని తర్వాత తెలిసింది. ఆ సమాధి దగ్గర ఒక్కసారి నిలబడాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఈ ఏడాది నాకు డెబ్బై ఎనిమిది నిండాయి, ఇక వాయిదా వేయదలచుకోలేదు. సుజాత వారం సెలవు పెట్టింది. నాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి గ్రీన్ కార్డు ఉన్నా ఐర్లండ్ వీసా తీసుకోవలసి వచ్చింది. ఐదు వారాలు పట్టింది.

డాలస్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం తొమ్మిదింటికి డబ్లిన్‌లో దిగాం. రాత్రంతా విమానంలో కూర్చున్న మనిషి చేత ఎడమవైపు కారు నడిపించడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు విమానాశ్రయం దగ్గరే విశ్రాంతి తీసుకుని, తర్వాతి రోజు ఎనిమిదిన్నరకు బయలుదేరాం. అద్దె కారు నాలుగు రోజులకు మూడు వందల పది యూరోలు. పెద్ద రోడ్డు మీద క్యారిక్-ఆన్-షానన్ దాకా రెండు గంటలు. అక్కడి నుంచి టీచరమ్మ ఊరు డ్రమ్‌లారా పన్నెండు మైళ్ళే, కాని నలభై నిమిషాలు పట్టింది. సుజాత పుట్టింది గుంటూరులోనైనా స్టీరింగ్ పట్టింది అమెరికాలోనే.

"అమ్మా, లెఫ్ట్ లెఫ్ట్ అని పాట పాడకు. టెన్షన్ వస్తోంది."

"నువ్వు కుడికి పోతుంటే నేను చెప్పక ఎవరు చెప్తారు?"

"జీపీఎస్ చెప్తుంది."

"అది మలుపులు చెప్తుంది. బుద్ధి చెప్పదు."

ఆ రోడ్లు చూడవలసినవి. ఒక కారు పట్టేంత వెడల్పు, నడుమ గడ్డి, రెండు వైపులా తెల్లపూలు పూసిన ముళ్ళ కంచెలు. ఎదురుగా ట్రాక్టరు వస్తే దాని డ్రైవరే వెనక్కి తీసుకుని పొలం గేటు దగ్గర ఆగాడు. పక్కనుంచి వెళ్తుంటే స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తాడు. హెచ్చరిస్తున్నాడనుకున్నాను. తర్వాత చూస్తే ప్రతివాళ్ళూ ఎత్తుతున్నారు. అది అక్కడి నమస్కారం.

మధ్యాహ్నం ఊరి పబ్‌లో తిన్నాం. పేరు విని మనవాళ్ళు కంగారు పడనక్కర లేదు, పగలు అది భోజనశాలే. బంగాళాదుంప సూపు, వంటసోడా వేసి కాల్చిన గోధుమ రొట్టె, వెన్న కలిపి మనిషికి తొమ్మిది యూరోలు. సుజాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి తీసింది. రుచి చూడకుండా చల్లడం మర్యాద కాదని ఆపాను. రుచి చూశాక ఇద్దరం కొంచెం చల్లుకున్నాం. రొట్టె మాత్రం దేనితోనూ పని లేకుండా బాగుంది.

ఊరి చర్చి, చెరువంత చిన్న సరస్సు ఒడ్డున ఉంది. తాళం తీయడం, గడ్డి కోయడం, సమాధి రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం మూడూ మార్టిన్ అనే ఒక్కాయనే చేస్తాడు. ప్రయాణం ఎలా ఉందన్నా, వాన ఎలా ఉందన్నా ఆయన జవాబు "గ్రాండ్". అక్కడ దాని అర్థం 'బాగానే ఉంది' అని మాత్రమే.

కుటుంబం రాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. తాత, తండ్రి, తల్లి, అన్న, వరసగా నాలుగు పేర్లు. టీచరమ్మ పేరు లేదు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారండీ. గుంత తవ్వింది నేనే," అన్నాడు మార్టిన్.

"మరి పేరు?"

"చెక్కమని ఎవరూ చెప్పలేదు. ఈ సమాధికి హక్కుదారు ఆవిడ మేనల్లుడు రాబర్ట్. అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాడు. ఆయన సంతకం లేకుండా ఉలి పెట్టకూడదు."

రోజూ రిజిస్టర్లో మా అందరి పేర్లూ పిలిచిన మనిషి. నేను నోట్‌బుక్ తీసి ఆవిడ పేరు ఇంగ్లీషులోనూ, దాని కింద తెలుగులో 'ఆలిస్ టీచరమ్మ' అనీ రాసి, ఇలా చెక్కాలని చూపించాను.

మార్టిన్ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "మిసెస్, ఈ మూడు టిక్కులు మీరు సరిచూసి పెట్టుకున్నవా? చెక్కేటప్పుడు వదిలేయమంటారా?"

సుజాత పక్కకు తిరిగి నవ్వింది. చ, ర, మ మీద ఉన్నవి తలకట్లని, అక్షరంలో భాగమేనని చెప్పాను. తలకట్టు మరిచిన ప్రతి అక్షరానికీ టీచరమ్మ అర మార్కు తీసేసేవారని కూడా చెప్పాను.

"ఇక్కడికి వచ్చాక మా పిల్లలకి లెక్కలు చెప్పారు. వాళ్ళకీ అర మార్కే," అన్నాడు మార్టిన్. "అయితే చెక్కాల్సిందే. నాకూ ఆవిడంటే భయం."

అప్పుడు మూడున్నర, చాండ్లర్‌లో ఉదయం ఏడున్నర. మార్టిన్ ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. రాబర్ట్ గారు మర్యాదగానే మాట్లాడారు. "నేను వచ్చినప్పుడు చేయిద్దామనుకున్నాను. రాలేకపోయాను. కాని నేను చదవలేని అక్షరాలకి సంతకం పెట్టలేను. ఎవరైనా ఎదురుగా కూర్చుని చదివి చెప్పాలి."

"అంత అనుమానమేంటమ్మా?" అంది సుజాత, ఫోన్ పెట్టేశాక.

"అనుమానం కాదే. చదవని కాగితం మీద సంతకం పెట్టవద్దని మాకు చెప్పింది వాళ్ళ మేనత్తే."

ఊరి చివర ఒక ఇంట్లో గది తీసుకున్నాం, ఇద్దరికీ ఉదయం ఫలహారంతో నూట పది యూరోలు. సాయంత్రం సరస్సు చుట్టూ రెండు మైళ్ళు నడిచాం. బట్టలు తడిసేంత కాదు, కళ్ళజోడు తుడుచుకునేంత వాన. ఈ గాలి, ఈ పచ్చదనం వదిలి ఆవిడ బందరు ఎండలో అన్నేళ్ళు ఎలా ఉన్నారో అనిపించింది. మాకు ఉత్తరాల్లో ఈ ఊరి అందం ఆవిడ ఎప్పుడూ గొప్పగా రాయలేదు. గొప్పగా రాస్తే మేం ఆవిడను పరాయి మనిషి అనుకుంటామని కాబోలు. చూడడానికి పెద్ద కట్టడాలేవీ లేని ఊరు. అయినా తెలియనివాళ్ళకు దారి ఇచ్చి, చేయవలసిన పని సరిగ్గా చేసే మనుషులున్న ఊరు. నేను చూసిన చోట్లలో దీన్ని పైన పెడతాను.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. అక్కడ అద్దె కార్లు చాలావరకు గేర్లవి. బుక్ చేసేటప్పుడే ఆటోమేటిక్ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఇక జరగవలసినవి:

1. జూలై మొదటి వారంలో చాండ్లర్ వెళ్ళి, రాబర్ట్ గారికి ఆ రెండు మాటలూ అక్షరం అక్షరం చదివి చెప్పాలి.
2. ఆయన సంతకం పెట్టిన కాగితం మార్టిన్‌కు పోస్టులో పంపాలి.
3. అక్షరాలు అసలు సైజులో నేనే చేత్తో రాసి ఇవ్వాలి. కంప్యూటరు అచ్చు వద్దు.
4. మార్టిన్ ముందు రాతి మీద సుద్దతో రాసి ఫోటో పంపాలి. నేను సరే అన్నాకే ఉలి.
5. అప్పటికి నేను చూడలేని స్థితిలో ఉంటే సుజాత చూడాలి. ఒప్పుకుంది. అందరూ చదివేచోట రాశాను కాబట్టి ఇక మాట మార్చడానికి లేదు.