మర్యాదకు అన్న 'వద్దు'

ఒకే ఒక్క మాటతో జర్మనీ దేశాన్ని పోగొట్టుకున్న ఘనుణ్ణి నేను. నవ్వకండి, సాంతం వినండి.

అరవయ్యో దశకం. పశువైద్యం ముగించి, గొర్రెల రోగాల మీద పరిశోధనలో అప్పుడే కాలు పెట్టాను. మా కొత్తకోట చుట్టుపక్కల నల్ల గొర్రెలను చూడటానికి జర్మనీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తే, వెంట తిప్పే పని నాకు పడింది. ఎలాగైనా ఆయన దగ్గర చేరాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

చివరి రోజు మా ఇంట్లో భోజనం. అవ్వ జొన్నరొట్టెలు పెట్టింది. రెండు తిని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమంటుండు?" అంది అవ్వ.

"సాలంటుండు అవ్వా."

"సిగ్గువడుతుండు" అంటూ అవ్వ ఇంకోటి వేసింది. ఈసారి ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నాలుగోది ఆ చేతుల మీదే వేసింది.

అన్నీ తిని, చెమట తుడుచుకుని ఆయన నాతో అన్నాడు: "మా యూనివర్సిటీకి చిన్న వయసు పరిశోధకులు దొరకడం లేదు. దొరికినవాళ్ళు అమెరికా జీతాలకు వెళ్ళిపోతున్నారు. నువ్వొస్తావా? గది ఇస్తాం, ల్యాబ్ ఇస్తాం. నచ్చితే అక్కడే ఉండిపో."

నా గుండె గంతులేసింది. కానీ అడగ్గానే ఎగబడితే ఏం మర్యాద? మా ఇళ్ళలో చాయ్ ఇచ్చినా రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకుంటాం. తల వంచుకుని, "వద్దు సార్, నా కోసం మీకెందుకు శ్రమ" అన్నాను. ఇక బతిమాలతాడని చూస్తున్నాను.

"నీ ఇష్టాన్ని కాదనను" అని చేయి కలిపి ఆయన జీపెక్కాడు.

"ఏమడిగిండు బిడ్డా?"

"జర్మనీకి రమ్మన్నడు. వద్దన్న."

"మల్ల అడగలేదా?"

"లే."

"గదేం మనిషి, ఒక్కసారే అడుగుడు? ఉరుకు, వస్తనని చెప్పు. ఉట్టి చేతుల్తోటి పోకు" అని మిగిలిన రొట్టెలు మూటగట్టి ఇచ్చింది.

చేలకు అడ్డంపడి ఉరికాను. మలుపు దగ్గర జీపు నెమ్మదించింది. మూట పైకెత్తి ఊపుతూ "ఎస్ సార్, ఎస్" అని అరిచాను. ప్రొఫెసర్ వెనక్కి తిరిగాడు. ఆయన చూపు మూట మీద పడింది. రెండు చేతులూ అడ్డంగా ఊపి, గబగబా డ్రైవర్ భుజం తట్టాడు. జీపు దుమ్ము లేపుకుంటూ హైదరాబాదు దారి పట్టింది.

ఆయన వద్దంటే మేం వినలేదు, నేను వద్దంటే ఆయన వినేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆకలీ వేసింది. గట్టు మీద కూర్చుని, ఆ రొట్టెల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట జర్మనీ కానీ జపాన్ కానీ, మొదటి పిలుపుకే సరేనంటానని.

ఆ ఒట్టు ఇవాళ్టి దాకా తప్పలేదు. మళ్ళీ ఎవరూ పిలవలేదు లెండి.