రాజోలులో సెల్ఫ్ తీసుకోని లారీ

శనివారం ఉదయం ఐదూ నలభైకి రాజమహేంద్రవరం కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. వస్తున్నానని సత్తిబాబు గారికి చెప్పలేదు. నాన్న పోయాక లారీ నా చేతికొచ్చింది. పద్నాలుగేళ్లుగా దాన్ని నడుపుతున్న డ్రైవరు సత్తిబాబు గారు. రెండు నెలల కిందటే బ్యాటరీలు రెండూ కొత్తవి వేయించాను. అయినా రోజూ పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదని, వేరే బండితో లాగిస్తున్నామని రాజోలు నుంచి ఫోన్లు. కొత్తవి అమ్మేసి పాతవి బిగించి ఉంటారని నా అనుమానం.

శనివారం కదా, బస్సు నిండా ఏడు వారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లేవాళ్లే. పక్కసీటు ఆవిడ, "మీకిది ఎన్నో వారమండీ?" అనడిగారు. లారీ సంగతి చెప్పాను.

"బండి మీద మనిషిని పెడితే, ఆ మనిషి మీద ఇంకో మనిషిని పెట్టాలండీ" అన్నారావిడ. ఆ మాట నాకు బాగా నచ్చింది.

జొన్నాడ దాటి వంతెన ఎక్కేసరికి ఆరున్నర. రావులపాలెంలో బస్సు సగం ఖాళీ అయింది. కొత్తపేట మీదుగా అమలాపురం చేరేసరికి ఎనిమిది. బస్టాండు ఎదుట పెసరట్టు తిని, ఎనిమిదిన్నరకి రాజోలు బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వచ్చేవాళ్లు అమలాపురంలోనే తినడం మంచిది, ఆ తర్వాత నాకు తీరిక దొరకలేదు.

రాజోలు శివారులో కొబ్బరి వ్యాపారి గోదాము ముందు మా లారీ కాయల లోడుతో నిలబడి ఉంది. సత్తిబాబు గారు లోపల తూకం దగ్గరున్నారు. ఆయన బయటికి రాకముందే బ్యాటరీ పెట్టె మూత తీసి, ఫోనులో ఉన్న బిల్లుతో నంబర్లు సరిచూశాను. రెండూ సరిపోయాయి. అయినా మనసు కుదుటపడలేదు. రాత్రిళ్లు క్యాబిన్లో ఫ్యానూ పాటలూ పెట్టుకుని ఛార్జి అంతా ఖర్చు చేస్తున్నారేమో!

"ఎప్పుడొచ్చేరండీ అమ్మాయిగారూ?" అంటూ ఆయన పరుగున వచ్చారు. "ఇక్కడ తెలిసిన మెకానిక్కున్నాడండీ, పిలవమంటారా?"

"వద్దండీ, నేనే తెచ్చుకుంటాను" అన్నాను. ఆయన మనిషి ఆయన మాటే చెబుతాడు కదా. ఆటోలో బస్టాండుకి తిరిగెళ్లి, అక్కడివాళ్లని అడిగి, వీరాస్వామి గారనే పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాను.

ఆయన వేరే బండి బ్యాటరీతో ఇంజను స్టార్టు చేయించి మీటరు పెట్టారు. ఇరవై ఎనిమిది వోల్టులు. "డైనమో ఛార్జింగు ఇస్తోందండి" అన్నారు. తర్వాత ఇంజను ఆపించి, అన్ని స్విచ్చులూ కట్టేయించి, బ్యాటరీ ఎర్తు వైరు విప్పి మధ్యలో మీటరు కలిపారు. అన్నీ ఆపేసినా ఎనిమిది ఆంపియర్లు పోతూనే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకారు. ఫ్యాను ఫ్యూజు పీకినప్పుడు నేను మీటరు మీదికి వంగి చూశాను. అంకె కదల్లేదు. చివరికి డైనమో లావు వైరు విప్పగానే అంకె సున్నా దగ్గరికి పడిపోయింది.

"లోపల డయోడు పోయిందండి. పగలు నింపిందంతా బండి ఆగాక వెనక్కి తాగేస్తోంది" అన్నారు వీరాస్వామి గారు. "ఈయన మొన్నే నా దగ్గరకొచ్చేరు. డైనమో విప్పాలని నేనంటే, అమ్మాయిగారిని అడక్కుండా విప్పొద్దన్నారు."

సత్తిబాబు గారు పిలుస్తానన్న మెకానిక్కు ఈయనే! సత్తిబాబు గారు తల పక్కకి తిప్పుకున్నారు. మొన్న ఆయన దగ్గర్నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. మళ్లీ ఏదో సాకు చెబుతారని నేనే ఎత్తలేదు.

డయోడ్ల ప్లేటు మార్చి, బ్యాటరీలు ఛార్జి పెట్టించేసరికి మూడున్నర దాటింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. తిరుగుప్రయాణం లారీలోనే చేశాను. అమలాపురం దాటాక నేనే మాట కదిపాను.

"సత్తిబాబు గారూ, నేను బ్యాటరీ నంబర్లు చూశాను" అన్నాను.

"ఆయ్, తూకం దగ్గర్నుంచి చూసేనండి. నాన్నగారైనా చూసేవారేనండి. కాకపోతే నన్ను పక్కన నిలబెట్టుకుని చూసేవారు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే జవాబు చెప్పడం నాకు తేలికయ్యేది. తప్పు నాదేనని చెప్పేసరికి లారీ రావులపాలెం వంతెన మీదుంది. లోడు బండి మోతలో ఆ మాట ఆయనకి వినబడలేదు. ఈసారి గొంతు పెంచి చెప్పాను.