నాయిన పేరు మీద నలభై మూడు అంగుళాలు

టీవీ కొనడానికి ఏడాది మొత్తంలో ఏది మంచి సమయమో నాకు తెలిసినంత బాగా ముంబై దగ్గరి మా భివండిలో ఇంకెవరికీ తెలియదు. నమ్మకం లేకపోతే మా పురోహితుడు అయ్యగారిని అడగండి. ఆయన ఇంట్లో గోడకున్న నలభై మూడు అంగుళాల టీవీ కొన్నది నేనే. ఎవ్వరికీ దొరకనంత చవకగా కొన్నాను. అది వెలగగా చూసే భాగ్యం మాత్రం నాకు దక్కలేదు. ఈ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీ ఇంట్లో పెద్ద ప్రాణం ఎవరైనా ఉంటే కాస్త శ్రద్ధగా వినండి.

శాంతి నగర్‌లో మాకు ఎనిమిది సాంచాల కార్ఖానా ఉంది. సాంచాలంటే పవర్‌లూములే, మా వాళ్లు అలాగే అంటారు. అది నాయిన పెట్టింది. ఏళ్ల తరబడి ఆ టకటకల మధ్య నిలబడి ఆయన చెవులు సగం పోయాయి. అందుకని ఇంటికొచ్చాక టీవీ సౌండు చివరిదాకా పెట్టేవాడు. మా గల్లీలో నాలుగిళ్ల వాళ్లు మా టీవీతోనే వార్తలు వినేవారు. వాళ్లకు బొమ్మ ఒక్కటే తక్కువ.

నాయిన ఆఖరి ఏడాది ఆ టీవీ తెరలో కింది సగం నల్లబడింది. వంట చేసే ఆవిడ కనిపించేది, కూర కనిపించేది కాదు. వార్తల్లో మనుషుల తలలు మాత్రం మాట్లాడేవి.

"కొత్తది తే కొడుకా. సగం మనుషులను ఎన్నాళ్లని చూడాలె?" అన్నాడు నాయిన.

"దసరాకు తెద్దాం నాయినా. అప్పుడు రేటు తగ్గుతది."

నాయిన శ్రావణంలోనే పోయాడు. ఆ దసరాకు మా ఇంట్లో టీవీ మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి దసరాకు నేను ఎత్తనివ్వలేదు.

మూడో ఏడు నా భార్య స్వరూప పట్టు పట్టింది. "బతుకమ్మకు మా చెల్లె వస్తున్నది. దానికి గీ సగం టీవీ చూపెట్టాల్నా? కొత్తది రావాలె. రాకపోతే నేనే పోత మా చెల్లె ఇంటికి."

అప్పుడు నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. అది పని చేసినప్పుడల్లా మా ఇంటికి నష్టమే, అయినా ఆపడం నా వల్ల కాదు. లోకమంతా దసరాకు, దీపావళికి టీవీలు కొంటుంది. ఆ తొక్కిసలాటలో మన బేరం ఎవడు వింటాడు? ఎవ్వరూ కొనని రోజుల్లో వెళ్లాలి. పైగా ఊరి బయట కాశేలి గోడౌన్లలో దసరా మాల్, అంటే కొత్త సరుకు, దిగేలోపు దుకాణాలవాళ్లు పాత మాల్ వదిలించుకోవాలి. మరి ఎవ్వరూ ఏమీ కొనని రోజులు ఏవి? పెద్దల దినాలు!

తెలియనివారికి చెబుతున్నాను. భాద్రపదంలో చివరి పదిహేను రోజులు చనిపోయిన పెద్దలవి. ఆ రోజుల్లో ఎవరూ కొత్త వస్తువు ఇంటికి తేరు. ఆఖరి రోజు పెత్రమాస. ఆనాడు పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఆయనకు ఇస్తే వాళ్లకు చేరినట్టే. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

దుకాణంలో ఈగలు కూడా లేవు. సేఠ్ నన్ను కొత్త అల్లుడిని చూసినట్టు చూశాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను అడిగిన రేటుకు ఒక్కసారి కళ్లు మూసుకుని, "లే జావో భాయ్, బోహ్నీ హై" అన్నాడు.

"మధ్యాహ్నం మూడింటికి బోణీయా?"

"ఆజ్ కీ నహీ భాయ్. పూరే పక్ష్ కీ," అన్నాడు ఏడవలేక నవ్వుతూ. ఆ పక్షం మొత్తానికి నాదే తొలి బేరం.

టీవీ పెట్టెను ఆటోలో పడుకోబెట్టకుండా నిలబెట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికి వచ్చాను. అమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏందిరా గది?"

"టీవీ అమ్మా."

"ఇయ్యాల ఏం దినం?"

"మంగళవారం."

"వారం అడుగుతలేను. ఇవి ఏం దినాలు?"

నేను చెప్పులు విప్పడంలో మునిగిపోయాను.

"పెద్దల దినాల కొత్త సామాను ఇంట్లకు తెస్తరార ఎవలన్న? నీకు తెలివి ఉన్నదా? పో, వాపస్ ఇచ్చి రా."

వెనక ఆటోవాడు వెయిటింగ్ చార్జీ అంటున్నాడు. తలుపు చాటునుంచి స్వరూప చూస్తోంది. పూరే పక్ష్ బోహ్నీ కొట్టిన మొనగాణ్ని, అరగంట తిరక్కుండా పెట్టె మోసుకుని వెనక్కి ఎలా పోను? నోటికొచ్చింది అనేశాను.

"ఇది మనకు కాదమ్మా. నాయినకు. నాయిన పేరు మీద తెచ్చిన."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "దసరాకు తెస్తనన్న మాట ఇంకా మనసుల పెట్టుకున్నవా బిడ్డా?" అంది. కళ్లనిండా నీళ్లు.

"ఆఁ" అన్నాను.

అమ్మ లేచి దారి ఇచ్చింది. పెట్టెను తనే చెప్పి నాయిన ఫోటో కింద పెట్టించింది, పసుపు కుంకుమ పెట్టింది. గెలిచాననుకుని ఆటోవాడికి పది రూపాయలు ఎక్కువ ఇచ్చాను. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది మరీ ఎక్కువ అతికింది.

"ఇప్పుడు తెరవకు. పెత్రమాస నాడు అయ్యగారికి ఇద్దాం," అంది అమ్మ.

"ఏది?"

"టీవీ."

"అయ్యగారికి ఎందుకమ్మా?"

"మరి మీ నాయినకు ఎట్ల చేరుతది? కొరియర్ల పంపుతవా?"

నేను స్వరూప వైపు చూశాను. ఆవిడకు నా అబద్ధం రంగూ రుచీ తెలుసు. "నాయిన పేరు మీద తెచ్చిన్రు గదా. మంచిగ చేరనియ్యుండ్రి," అని వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కాస్త గట్టిగా తోమింది.

సాయంత్రానికి గల్లీ అంతా తెలిసింది. ఆడవాళ్లు వచ్చి పెట్టెకు దండం పెట్టి, "కొడుకంటే నీ కొడుకే వదినా" అని పోయారు. మా బిడ్డ మరాఠీ బడిలో ఐదో తరగతి. రోజూ పెట్టె చుట్టూ తిరిగి చివరికి అడిగింది: "పప్పా, తాతకు వైఫై పాస్‌వర్డ్ కోణ్ దేణార్?" ఎవరిస్తారని దాని దిగులు.

పెత్రమాసకు ఒక రోజు ముందు నేను చల్లగా అయ్యగారి ఇంటికి వెళ్లి కాళ్ల మీద పడ్డంత పని చేశాను. "అయ్యగారూ, టీవీ శాస్త్రంల లేదని మీరు ఒక్క మాట అనుండ్రి. బియ్యం డబుల్ ఇస్త."

ఆయన మంచివాడు. "శాస్త్రంల నిజంగనే లేదు రాజేశం. నాకు అబద్ధం చెప్పే పని కూడా లేదు," అని నవ్వాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు తంతు అయ్యాక అమ్మ పెట్టెను ముందుకు జరిపింది. అయ్యగారు ఒప్పందం ప్రకారం చేయి అడ్డం పెట్టారు. "అమ్మా, టీవీ శాస్త్రంల లేదమ్మా. బియ్యం చాలు."

"గొడుగు ఇస్తరు, చెప్పులు ఇస్తరు, మంచం ఇస్తరు. పోయినోళ్లు వాడుకుంటరని గదా అయ్యగారూ?"

"ఇస్తరమ్మా. కానీ..."

అమ్మ గొంతు తగ్గించింది. "నాకు శాస్త్రం తెల్వది. ఆయన నోరు తెరిచి ఏదీ అడగలే. గిది ఒక్కటే అడిగిండు. వీడు దసరాకన్నడు. ఆయన దసరా దాక ఆగలే. వీనికి గా బాధ ఉన్నది. వాన్ని తీర్చుకోనియ్యుండ్రి."

అయ్యగారు నా వైపు చూశారు. నేను నాయిన ఫోటో వైపు చూశాను. సిగ్గేసింది. అమ్మ చెప్పిన బాధ నాలో నిజంగానే ఉంది. బేరాల గోలలో దాన్ని ఇన్నాళ్లూ పలకరించలేదు, అంతే.

"తీసుకోండ్రి అయ్యగారూ," అన్నాను.

స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకుంది. అయ్యగారు పెట్టె మీద చేయి వేసి, మెల్లగా అడిగారు: "గోడకు బిగించే స్టాండ్ కూడా దీంట్లనే ఉన్నదా?"

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా అయ్యగారు అలాంటివారు కాదు. వద్దని చెప్పి మరీ తీసుకున్నారు. ఆటో కిరాయి నేనే ఇచ్చాను.

బతుకమ్మకు మరదలు వచ్చింది. సగం టీవీ ముందు కూర్చుని, "బావా, గీ డ్యాన్స్ పోరగాండ్లకు కాళ్లు లేవేంది?" అంది. దసరా ముందురోజు స్వరూప నన్ను వెంటబెట్టుకుని అదే దుకాణానికి వెళ్లింది. జనం తోసుకుంటున్నారు. సేఠ్ నన్ను గుర్తుపట్టనైనా లేదు. అదే టీవీ, నేను కొట్టిన రేటుకన్నా తక్కువ, పైన ఒక కుక్కర్ ఫ్రీ. స్వరూప టీవీ కొని, కుక్కర్ నా చేతికిచ్చి, "పట్టుకోండ్రి. ఇది ఎవరి పేరు మీదనో ముందే చెప్పుండ్రి," అంది.

నాయినకు టీవీ చేరిందో లేదో నాకు తెలియదు. టీవీ బిగించినవాడు బిల్లు మీదున్న నా ఫోన్ నంబరే అందులో ఎక్కించడం వల్ల అయ్యగారి టీవీ ఓటీపీలు మాత్రం నాకు చేరుతున్నాయి. సీరియల్ వేళకు ఆయన ఫోన్ చేస్తారు: "రాజేశం, నంబర్ వచ్చిందా? జర చెప్పు నాయినా." వెనక టీవీ సౌండు గల్లీ అంతా వినిపించేటట్టు ఉంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడు మాత్రం చేరినట్టే అనిపిస్తుంది.

కనుక ఎనిమిది సాంచాల సాక్షిగా శపథం చేస్తున్నాను: పెద్దల దినాల్లో ఇకపై అగ్గిపెట్టె కూడా కొనను, అమ్మ అడిగితే నిజమే చెబుతాను, ఇంట్లో పెద్దవాళ్లు అడిగిన రోజే మంచి రోజనుకుంటాను. ఈ మధ్య మా ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం లేదు. నాయినకు చల్లటి నీళ్లంటే ప్రాణమని అమ్మ దగ్గర మీరెవరూ అనకండి.