ఒక్క మంగళవారం చాలదు

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక మా ఊళ్ళో జరిగిన మొదటి ఎన్నికల్లో నేను ఓటు వేయలేకపోయాను. బద్ధకించి కాదు. నేను ఆస్పత్రిలో గుండె జబ్బుల వార్డులో నర్సుని. పొద్దున ఏడింటికి డ్యూటీ ఎక్కితే మళ్ళీ సాయంత్రం ఏడింటికే దిగేది. పోలింగ్ కూడా సరిగ్గా ఆ ఏడు నుంచి ఈ ఏడు వరకే. ఆ మంగళవారం కాస్త ముందు వెళ్ళిపోవడానికి పర్మిషన్ తీసుకున్నాను. తీరా బయల్దేరే వేళకి నా పేషెంట్ ఒకాయనకి ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. ఆయన్ని ఐసీయూకి చేర్చి, బట్టలైనా మార్చుకోకుండా కారెక్కి, పోలింగ్ పెట్టిన లైబ్రరీకి వెళ్ళేసరికి తలుపు వేసేస్తున్నారు. మర్యాదగానే సారీ చెప్పారు. పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక కోపం వచ్చింది.

ఊరి ఎన్నికలంటే చాలామందికి పట్టదు. నాకు మాత్రం అవే ముఖ్యం. మా అపార్ట్‌మెంట్ల నుంచి ఎలిమెంటరీ స్కూలుకి వెళ్ళే దారిలో సైడ్‌వాక్ లేదు. పిల్లలు రోడ్డు వారన గడ్డిలో నడుస్తారు, చలికాలంలో మంచులో. అది వేయిస్తానని ఒకావిడ మా వార్డు నుంచి సిటీ కౌన్సిల్‌కి నిలబడింది, ఓడిపోయింది. వైట్‌హౌస్‌లో ఎవరున్నా వాళ్ళొచ్చి మా పిల్లలకి దారి వేయరు కదా.

అప్పుడు మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. జరిగింది చెబితే ఆవిడకి అర్థం కాలేదు.

"ఓట్ల రోజు సెలవివ్వరా?" అన్నారు.

ఇవ్వరన్నాను.

"మరి పనికెళ్ళేవాళ్ళు ఎప్పుడు వేస్తారమ్మా?"

మర్నాడు సిటీ హాల్‌కి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. ప్రెసిడెంట్ ఎన్నికలకి ముందుగానే, రోజుల తరబడి, వీలున్నప్పుడు వెళ్ళి ఓటు వేయనిస్తారు కదా, ఊరి ఎన్నికలకి ఎందుకు లేదన్నాను. ఫోన్ ఎత్తినావిడ, వాటికి ఆ ఏర్పాటు లేదంది. ఓటు పోస్టులో పంపాలంటే ఊళ్ళో ఉండననో, ఒంట్లో బాగాలేదనో కారణం చూపాలట. డ్యూటీ ఉందంటే అది కారణం కాదట. ఇంకా చెప్పాలనుకుంటే కౌన్సిల్ మీటింగ్‌కి వచ్చి మాట్లాడమంది. నేను వస్తానని ఆవిడ అనుకుని ఉండదు.

వెళ్ళాను. అక్కడ ఊళ్ళోవాళ్ళు ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. మైకు ముందు నిలబడగానే నా ఇంగ్లిష్ నాకే కొత్తగా వినిపించింది. అయినా లైబ్రరీ తలుపు దగ్గర జరిగిందంతా చెప్పి, ముందస్తు ఓటింగ్ పెట్టమని అడిగాను. కౌన్సిల్‌లో అందరికంటే సీనియర్ అయిన సభ్యుడు కుర్చీలో వెనక్కి వాలి, ఓటు ముఖ్యమనుకునేవాళ్ళు ఎలాగోలా వీలు చేసుకుంటారని అన్నాడు.

"సర్, ఏదో ఒక మంగళవారం మీకు గుండెల్లో నొప్పి వస్తే, మీ నర్సు ఓటు వేయడానికి వీలు చేసుకుని వెళ్ళిందని చెప్పమంటారా?" అన్నాను.

మేయరు సిటీ లాయరు వైపు చూశాడు. లాయరు, ఊరికి రాష్ట్రం ఇచ్చిన అధికారాలే తప్ప సొంత అధికారాలు ఉండవనీ, ఊళ్ళు ముందస్తు ఓటింగ్ పెట్టుకోవచ్చని చట్టంలో ఎక్కడా లేదనీ చెప్పాడు. పెట్టకూడదని ఎక్కడుందని అడిగాను. అలా కూడా లేదన్నాడు. ఈలోగా నా టైము అయిపోయింది.

ఇంటికొస్తే మా ఆయన అంతా విని తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు వీసాల మీద బిక్కుబిక్కుమంటూ బతికి ఇప్పుడిప్పుడే కుదురుకున్నాం, ఊళ్ళో పెద్దవాళ్ళతో గొడవ మనకెందుకని అతని బాధ. అతని భయం నాకు తెలియనిది కాదు. నేనూ ఆ వీసాల మీదే వచ్చాను. కానీ ఆ రోజు ఊరుకోలేకపోయాను.

"సిటిజన్‌షిప్ తీసుకుంది నోరు మూసుకోవడానికా?" అన్నాను. ఆ తర్వాత అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నా మీటింగు రోజుల్లో వంట అతనే చేసేవాడు.

సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళాను. అదే మాట, అదే మూడు నిమిషాలు. సీనియర్ సభ్యుడు నేను లేవగానే ఫోన్ చూసుకునేవాడు. నేను ఆయన తలెత్తేదాకా ఆగి మొదలుపెట్టేదాన్ని, ఆగిన టైమంతా నాదే పోయినా సరే. కొన్నాళ్ళకి మా పక్కింటి పెద్దావిడ నాతో రావడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన నల్లజాతి మహిళ. వాళ్ళమ్మ కాలంలో తమవాళ్ళని ఓటు దగ్గరికే రానిచ్చేవాళ్ళు కాదని, అడిగి అడిగి సాధించుకున్నారని కార్లో చెప్పింది. నువ్వు కొత్తగా అడగడం లేదు, మేం అడుగుతున్నదే అడుగుతున్నావు అంది. ఆవిడ తన చర్చిలో చెబితే, వేర్‌హౌస్‌లో పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్ళు కొందరు వచ్చారు. మా ఆస్పత్రి నుంచి నర్సులు వచ్చారు. ముందు వరుసలు నిండాయి.

ఒక మీటింగులో మాట్లాడే వంతు పెద్దావిడకి వచ్చింది. మా ఊరిలాంటివి కొన్ని కలిస్తే ఒక కౌంటీ, మన జిల్లా లాగా. ఆవిడ లాయరునే సూటిగా అడిగింది. ఊరికి అధికారం లేదంటున్నావు, బాగానే ఉంది. మన ఎన్నికలు నడిపేది కౌంటీయే కదా, మన ఊరు కోరితే కౌంటీ పెట్టగలదా లేదా? లాయరు ముందున్న ఫైలు తిరగేసి, పెట్టగలదనే అనుకుంటున్నానన్నాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మేయరు అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇన్ని నెలలు నన్ను గోడకి తల కొట్టుకోనిచ్చి, పక్కనే తలుపుందని ఇప్పుడా చెప్పడం?

కౌంటీ సరేనంది. కౌన్సిల్‌లో తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. సీనియర్ సభ్యుడు వ్యతిరేకంగా వేశాడు. కానీ మేం అడిగింది ఒక వారం అయితే, వాళ్ళు ఇచ్చింది తర్వాతి ఎన్నికకి ముందు ఒకే ఒక శనివారం.

ఆ శనివారం నేనూ, పెద్దావిడా కలిసి సిటీ హాల్‌కి వెళ్ళాం. నేను లోపలికి వెళ్ళి, సైడ్‌వాక్ కోసం మళ్ళీ నిలబడిన ఆవిడకే ఓటు వేశాను. ఆవిడ మళ్ళీ ఓడిపోయింది. బాధ అనిపించింది గానీ, ఈసారి ఆ లెక్కలో నేనూ ఉన్నాను.

తర్వాతి మీటింగులో సీనియర్ సభ్యుడు, శనివారం పెద్దగా జనం రాలేదు కాబట్టి ఇది ఇంతటితో ఆపేద్దామని ప్రతిపాదించాడు. నేను లేచి మైకు దగ్గరికి నడిచాను.

"మళ్ళీ మీరేనా?" అన్నాడు మేయరు, విసుగ్గా కాదు, కొంచెం నవ్వుతూనే.

"మళ్ళీ నేనే," అన్నాను. శనివారాలు కూడా నర్సులు పనిచేస్తారని, వేర్‌హౌసులు నడుస్తాయని, మేం అడిగింది వారమని గుర్తు చేశాను. ఆపే ప్రతిపాదన వీగిపోయింది. వారం సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా వెళ్తూనే ఉంటాను.