హాల్‌ల నాట్లు చూసిన అత్తమ్మ

నాకు పిచ్చి లేచిందని మా కంపెనీల చెప్పుకుంటున్నరంట. వాళ్లను నేను తప్పు పట్ట. మొన్న బుధవారం మా ఇంట్ల జరిగింది ఇంకొకరి ఇంట్ల జరిగుంటే నేను కూడా గదే అనేదాన్ని. చాయ్ చల్లారేలోపే చెప్తా, వినుండ్రి. నలుగురి నోట్ల పడి మారిపోయినంక వినేకంటే నా నోటితోటి వినుడే నయం.

నేను చేసే పని తెల్సు కదా. కాజీపల్లి దిక్కు మందుల కంపెనీల ఇంజెక్షన్ సీసాలు లైటు ముంగట పట్టుకొని చూస్తుంట. లోపట నలక ఉన్నదా, అద్దం మీద గీత ఉన్నదా, మూత సక్కగ కూసున్నదా. పొద్దంత గదే. ఉన్నది ఉన్నట్టు చూసుడే నా నౌకరి. అదన్నా పక్కాదా అంటే కాదు, కాంట్రాక్టు. ఆర్నెల్లకోసారి కాయితాల మీద మళ్ల సంతకం పెట్టించుకుంటరు. ఈసారి సంతకాలు ఈ నెలనే.

మా ఆయన కంటైనర్ నడుపుతడు. ముత్తంగి గోదాముల కాడ లోడు ఎత్తుకొని పోయిండంటే పది దినాలకు గని ఇంటి మొఖం చూడడు. ఇంట్ల ఉండేది నేను, మా అత్తమ్మ నర్సమ్మ. అత్తమ్మది గుమ్మడిదల దిక్కు పల్లె. బతుకంత కూలికి, కైకిలికి పోయి నాట్లేసిన మనిషి. కండ్లల్ల ప్రెషర్ పెరిగి ఎడమ కన్ను పోయింది, కుడి కన్ను మసక. రోజు చుక్కల మందు ఎయ్యాలె. ఆ సీసా ఒడిసిపోయింది. తెద్దాం తెద్దాం అనుకుంటనే రెండు నెలలు గడిచినయి. ఈ కతల మొదటి తప్పు గదే, అది నాదే.

ఒకనాడు పొద్దుగాల డ్యూటీకి తయారై హాల్ దాటుతున్న. మంచం మీదికెళ్లి అత్తమ్మ అన్నది, "ఒడ్డు మీదికెళ్లి నడువే స్వరూపా, నారు తొక్కుతున్నవ్."

నవ్వులాటకు అన్నదనుకున్న. కాదు. హాల్‌ల పది మంది ఆడోళ్లు వంగి నాటేస్తున్నరంట. ఎర్ర చీర ఒకామె, పచ్చ చీర ఒకామె, కొంగులు నడుముకు చెక్కుకున్నరంట. ఎవ్వరు మాట్లాడరంట. నా మొఖం దగ్గరికొస్తె గని ఆనవట్టలేని మనిషి, ఆ ఆడోళ్ల కొంగు అంచు రంగు కూడా చెప్తున్నది. టైల్స్ మీద ఏం లేదు అత్తమ్మా అంటే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు మతి పోయిందంటున్నవా అని అడిగింది. ఆ దినం సంది నేను గోడ పొంటి నడుసుడు షురూ చేసిన, టిఫిన్ డబ్బా పట్టుకొని, పొలం ఒడ్డు మీద నడిసినట్టే.

పక్కింటామె గాలి సోకిందన్నది, నిమ్మకాయలు తిప్పుమన్నది. మా ఆయనకు ఫోన్‌ల చెప్పలేదు, స్టీరింగ్ పట్టుకున్న మనిషిని పరేషాన్ చేసుడెందుకని. మా సెక్షన్‌ల ఒకామె సంగారెడ్డిల హోమియో సారు ఉన్నడు, పెద్దమనిషి, ఓపికతోటి వింటడని చెప్తే సెలవు పెట్టి అత్తమ్మను తీసుకపోయిన.

ఓపిక అంటే ఓపికనే. గంటన్నర అడిగిండు. కనబడేటోళ్లు మాట్లాడుతరా, కండ్లు మూసుకుంటే పోతరా, పొద్దుందాక ఉంటరా, మాపటికి ఎక్కువైతరా. నీళ్ల దూప ఎక్కువనా, చలి ఎక్కువనా, ఒక్కతె ఉంటే భయమా. రోగం పేరు ఒక్కటే అయినా మనిషి మనిషికి మందు మారుతది, అందుకే గిన్ని అడుగుతున్న అన్నడు. ఏ చెట్టు ఎక్కువ తింటే లేనివి కనబడతయో, అదే చెట్టు మందును నలుసంత ఇస్తే అది తగ్గుతదని తమ వైద్యం చెప్తదన్నడు. ఏం చెట్టు సారూ అని అత్తమ్మ అడిగింది. ఉమ్మెత్త అన్నడు.

అత్తమ్మ లేచి నిలబడ్డది. చిన్నప్పుడు వాళ్ల మేక ఉమ్మెత్త కాయలు తిని దినమంత గుండ్రంగ తిరిగిందంట. సారు నవ్వి, ఇందుల చెట్టు పేరే గని చెట్టు ఉన్నట్టు లెక్క కాదు అమ్మా అని కూసోబెట్టిండు. తెల్ల చక్కెర గోలీల సీసా ఇచ్చి నాకు మూడు మాటలు చెప్పిండు. మొదటిది, ముందుగాల కండ్ల డాక్టరుకు చూపెట్టు, చుక్కల మందు బంద్ చెయ్యకు, నా గోలీలు దానికి బదులు కాదు. రెండోది, ఆమెతోటి కొట్లాడకు. మూడోది, ఆమె భయపడితే పక్కన కూసొని ధైర్యం చెప్పు.

నేను ఇంటికి తెచ్చుకున్నది గోలీలు, ఆఖరి రెండు మాటలు. మొదటి మాట సంగారెడ్డిలనే మర్చిపోయిన. మళ్ల సెలవు అడిగే మొఖం లేకుండె.

గోలీలు అత్తమ్మకు మస్తు నచ్చినయి, తియ్యగుంటయి కదా. నాట్లేసేటోళ్లు మాత్రం ఎటూ పోలే. వారం గడిచినంక పొద్దుగాల నాలుగు గోలీలు చేతిల పోస్తే, పది మంది ఎండల పని చేస్తుంటే నాకొక్కదానికి పెడుతున్నవా అని అడిగింది. ఆ దినం నేను బాత్రూంల కూసొని ఏడ్సిన.

దాని తర్వాత మొఖానికి గుడ్డ కట్టుకున్నోడు వచ్చిండు. గోడ కాడి ప్లాస్టిక్ కుర్చీల తెల్ల అంగీ ఏసుకొని కూసుంటడంట, అత్తమ్మ దిక్కే చూస్తడంట. వాన్ని చూస్తే ఆమె దుప్పటి మీదికి లాక్కునేది. ధైర్యం చెప్పుమన్నడు కదా సారు అని నేను నా తెలివి వాడిన. చీపురు తెచ్చి, ఆ కుర్చీని రెండు దెబ్బలు కొట్టి, పిడికెడు ఉప్పు చల్లి, లేసి పోరా అని తిట్టిన. పోయిండే అన్నది అత్తమ్మ. పానం నిమ్మళమైంది. ఇగ రోజు గదే పని. అలవాటైపోయి కుర్చీ దిక్కు చూసుడు కూడా మానేసిన. ఖాళీ కుర్చీల చూసేదేమున్నది? అత్తమ్మ మొఖం చూసుకుంటనే కొట్టేదాన్ని.

బుధవారం ఆమెకు జెర జ్వరమొస్తే మళ్ల సెలవు పెట్టిన. ఈ నెలల అది రెండోది. పగటి పూట వంటింట్ల పప్పు తిరగబోత ఏస్తున్న. అత్తమ్మ పిలిచింది, "గుడ్డ కట్టుకున్నోడు మళ్ల వచ్చిండే. ఇయ్యాల చేతుల కాయితాలు కూడా ఉన్నయి."

పొయ్యి బంద్ చేసిన. ఒక చేతుల చీపురు, ఒక చేతుల ఉప్పు. హాల్‌లకు వచ్చి అత్తమ్మ మొఖం చూసుకుంట కుర్చీని కొట్టిన. ఎప్పటి లెక్క ప్లాస్టిక్ చప్పుడు రాలే. మెత్తగ తగిలింది. అయినా నా బుర్రకు అందలే. రెండోది కూడా ఏసిన, ఉప్పు చల్లిన, సిగ్గు లేదురా రోజు వస్తున్నవ్ అన్న.

"స్వరూపా, నేను" అన్నడు కుర్చీలున్నోడు.

అప్పుడన్నా తిరిగి చూడాలె కదా. నేను చూడలే. చీపురు కింద పడేసి అత్తమ్మ కాళ్ల కాడ కూలబడ్డ. నాకు కూడా వినబడుతున్నడు అత్తమ్మా, ఇగ మనిద్దరి బతుకు గింతే అని ఒక్కటే ఏడుపు. వాడు మాట్లాడుడు ఆమె కూడా ఎన్నడు వినలేదు కాబట్టి అత్తమ్మ నాకంటే ఎక్కువ భయపడ్డది. ఇద్దరం పట్టుకొని ఏడ్సినం.

ఎంత సేపైందో, తల ఎత్తి చూస్తే మా సూపర్‌వైజర్ సారు. కాజీపల్లి రోడ్డు దుమ్ముకు మొఖానికి దస్తీ కట్టుకొని బైక్ మీద వచ్చిండు. తలుపు తీసే ఉండె. అత్తమ్మనే ముందుగాల, ఎవరో నిజమైన మనిషి అనుకొని, కూసో బిడ్డా అన్నదంట. దస్తీ చూసినంక భయపడ్డది. ఆయన వచ్చింది ఎందుకో తెల్సా? కాంట్రాక్టు కాయితాలకు ఆ వారమే ఆఖరు. నేను రాలేదని, నా నౌకరి పోవద్దని, తానే సంతకం కోసం తెచ్చిండు. జుట్టుల ఉప్పు, భుజం మీద చీపురు పుల్లలు. నేను ఎంత చెప్పినా ఆయన తలకాయ ఊపుకుంట ఎనుకకు ఎనుకకు నడిసిండు. కాయితాలు మలిచి జేబుల పెట్టుకొని, ముందుగాల డాక్టరుకు చూపెట్టుకో అమ్మా, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తే చూద్దాం, అప్పటిదాంక సీసాలు చూడనియ్యలేం అన్నడు.

ఆ మాట అన్యాయం కాదు. లేనోళ్లతోటి మాట్లాడే మనిషి చూసిన ఇంజెక్షన్ ఎవరు పొడిపించుకుంటరు?

తెల్లారి అత్తమ్మను, నన్ను నేనే తీసుకొని కండ్ల దవాఖానకు పోయిన. హోమియో సారు మొదలే చెప్పిన తొవ్వ. ఆడున్న డాక్టరమ్మ అంతా విని, ఇది పిచ్చి కాదు, గాలి కాదు అన్నది. కన్ను మెదడుకు బొమ్మలు పంపుడు తగ్గిస్తే, అది ఖాళీగ కూసోక తన దగ్గరున్న పాత బొమ్మలు తీసి చూపెడతదంట. చూపు పోయిన ముసలోళ్లల్ల కొందరికి గిట్లయితదంట. చెప్పుకుంటే పిచ్చి అంటరని చాలామంది నోరు మూసుకొని ఉంటరంట. జ్వరానికి వేరే పరీక్షలు రాసింది. గోలీల గురించి అడిగితే, వాటితోటి ఈ బొమ్మలు పోతయని నేను చెప్పలేను, చుక్కలు మాత్రం ఇగ ఒక్క పూట తప్పొద్దు అన్నది. రెండు నెలల్ల పోయిన చూపు మాత్రం రాదన్నది. ఆ మాట నేను విన్న, అత్తమ్మ కూడా విన్నది. చెయ్యి పట్టుకొని, నాకు మతి పోలేదంట కదనే అన్నది. ఆ సంతోషం చూసి నాకు ఇంకా ఎక్కువ దుఃఖమొచ్చింది.

నా కండ్లు కూడా పరీక్ష చేసిన్రు. ఆన్నుంచి మనసు డాక్టరు కాడికి పోతే ఆయన కూడా అన్నీ అడిగి, ఏ లోపం లేదు, నిద్ర తక్కువైంది అని రాసిచ్చిండు.

నిన్న రెండు సర్టిఫికెట్లు సూపర్‌వైజర్ సారు టేబుల్ మీద పెట్టిన. ఆయన మెల్లగ రెండూ చదివిండు. భుజం రుద్దుకున్నడు. కండ్లు నూటికి నూరు పాళ్లు మంచిగున్నయి, మతి సక్కగున్నది అని పైకి చదివి నా దిక్కు చూసిండు.

"మరి నన్నెందుకు కొట్టినవమ్మా?"

సంతకం అయితే పెట్టించుకున్నడు గని, ఆ ప్రశ్నకు నేనింకా జవాబు వెతుకుతున్న. ఒక్క కన్నన్నా ఖరాబ్ అని రాసుంటే ఎంత ఇజ్జత్ దక్కేదో నాకు.