బస్టాండులో రచయితకు పెట్టిన పరీక్ష

ఆ రోజుల్లో నేను మనుషుల్ని నమ్మేదాన్ని కాదు. జీవితంలో దెబ్బతిని నేర్చుకున్న పాఠం అనుకునేరు, అంత అనుభవం ఎక్కడిది, అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. గంపలగూడెంలో ఒక ఆఫీసులో దరఖాస్తులు సరిచూసే ఉద్యోగం వచ్చి ఆరు నెలలైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక కాగితం మీది పేరుకూ ఇంకో కాగితం మీది పేరుకూ మధ్య దీర్ఘం తేడా వస్తే పట్టుకోవడమే నా పని. ఆ పని నా తలకు ఎంతగా ఎక్కిందంటే, పెనుగొలను నుంచి మామిడికాయలు తెచ్చే ఆవిడ "మా తోటవేనమ్మా" అంటే సర్వే నంబరు అడిగాను. "దీన్ని చేసుకోబోయేవాడు జిరాక్సు కాపీలు పట్టుకుని పెళ్ళిచూపులకు రావాలి" అని మా అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరితో చెప్పేది. (నాకు అది పొగడ్తలాగే వినిపించేది.)

ఆ ఏడాది మా తిరువూరులో మొదటిసారి పెద్ద ఎత్తున పుస్తకాల పండగ పెట్టారు. కాలేజీ గ్రౌండు నిండా షామియానాలు, వరసగా స్టాళ్ళు, సాయంత్రం పూట రచయితల ప్రసంగాలు. అంతా నడిపించేది మా లైబ్రరీ మాస్టారు. తెలుగు మాస్టారుగా రిటైరైన ఆయనే చిన్నప్పుడు నాకు నవలలు చదవడం అలవాటు చేశారు. పాపం, మొదటి రోజే ఆయన పరువు పోయింది. రావలసిన కవిగారు రాలేదు. సరిగ్గా ఆ సమయానికి ఖద్దరు చొక్కాతో కారు దిగిన ఒకాయన్ని మాస్టారు చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, మైకు ఇచ్చారు. ఆయన బోరు మోటార్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాక గానీ మోటార్లు అమ్ముకునే ఏజెంటని ఎవరికీ తెలియలేదు. (జనం చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు. సగం మంది రైతులు కదా. శాలువా తిరిగి రాలేదు.)

మర్నాడు మాస్టారు నన్ను పిలిచి, "ఇవాళ వచ్చే ఆయన చాలా పెద్ద రచయిత. నాలుగు గంటల బస్సుకు దిగుతారు. నువ్వెళ్ళి తీసుకురా. కాగితాలు చూసేదానివి గదా, మనిషిని కూడా ఒకసారి సరిగ్గా చూసుకోమ్మా" అన్నారు. అంతకంటే నాకు కావలసిందేముంది. ఆ రచయిత నవలను నేను నాలుగుసార్లు చదివాను. అట్ట వెనకాల ఉన్న ఫోటో నాకు కంఠతా వచ్చు: ఉంగరాల జుట్టు, దట్టమైన మీసం, గడ్డం కింద పిడికిలి, చూపు ఎక్కడో దూరాన. ఫోనులో వెతికినా అదే ఫోటో వచ్చింది.

బస్టాండు పక్కనే మా మేనమామకు సోడా కొట్టు ఉంది. అక్కడే కాపు కాశాను. విజయవాడ బస్సు వచ్చింది, అందరూ దిగారు, ఉంగరాల జుట్టు దిగలేదు. చివరికి బట్టతల, మీసం లేని ముఖం, రబ్బరు చెప్పులు, చేతిలో గుడ్డసంచీతో ఒక పెద్దాయన నెమ్మదిగా దిగి, నా దగ్గరికే వచ్చి, "అమ్మా, పుస్తకాల పండగ ఎటువైపు? నేను అక్కడ మాట్లాడాలి" అన్నాడు.

"ఏ విషయం మీదండి?" అన్నాను. బోరు మోటార్లు నా మనసులో మెదులుతున్నాయి.

"నా నవల మీద" అని నవల పేరు చెప్పాడు.

నేను మావయ్య వైపు చూశాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, "పెద్ద రచయితలు బస్సులో ఎందుకొస్తారే? కారులో వస్తారు" అన్నాడు.

"నిన్న కారులో వచ్చినాయనేగా మావయ్యా శాలువా పట్టుకుపోయింది?"

"అందుకే ఇవాళ బస్సులో వచ్చారు. తెలివి మీరిపోయారు."

ఆ మాట నాకు చాలా సబబుగా తోచింది. పెద్దాయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, సోడా ఇప్పించి, ఆధార్ కార్డు అడిగాను. ఆయన సంచీలోంచి తీసి ఇచ్చారు. పేరు వేరేగా ఉంది.

"అది కలం పేరమ్మా. ఇది ఇంట్లో పెట్టిన పేరు."

"ఈ రెండూ ఒకరేనని రుజువు ఏమైనా ఉందాండి?"

"మా పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు" అన్నారాయన, కాస్త ఆలోచించి.

మాస్టారికి ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. (మైకుల హోరులో ఆయనకు వినపడలేదని తర్వాత తెలిసింది.) ఇక నా దగ్గర మిగిలింది ఒకటే మార్గం. నా సంచీలోంచి నవల తీసి, ఆయనకు కనపడకుండా ఒళ్ళో పెట్టుకుని అడిగాను. "నవల్లో కోటమ్మ తమ్ముడి పేరేంటండి?"

ఆయన సోడా సీసా కింద పెట్టారు. "కోటమ్మకు తమ్ముడున్నాడా?" అన్నారు.

మావయ్య గట్టిగా దగ్గాడు. నాకు లోపల దొంగ దొరికాడన్న ఆనందం. "అబ్బులు అండి. పోనీ, చివర్లో కోటమ్మ ఏం చేస్తుంది?"

"ఊరు వదిలి బస్సెక్కి వెళ్ళిపోతుంది."

"వెళ్ళదు. ఎక్కి, దిగిపోతుంది."

"అవును, అవును. నేను వెళ్ళిపోయినట్టే రాశానమ్మా. మా ఆవిడ సాపు ప్రతి రాస్తూ ఆ పేజీ దగ్గర ఆగిపోయింది. ఒంటరిగా ఎక్కడికి పోతుందండీ పాపం, దింపెయ్యండి అంది. దింపేశాను. ఆ అబ్బులు పేరు కూడా తనే పెట్టింది. వాళ్ళ తమ్ముడి పేరు. తను పోయి ఆరేళ్ళైంది, నేను మళ్ళీ ఆ పుస్తకం తెరవలేదు."

ఎవరికైనా అక్కడ మనసు కరగాలి. నాకు మాత్రం, ఎంత చక్కగా అల్లుతున్నాడు అనిపించింది. ఇలాంటి కథలు ఆఫీసులో రోజూ వింటాను. మొహం గంభీరంగా పెట్టుకుని ఇంకో ప్రశ్న కోసం పేజీలు తిప్పుతూ ఉండగా, మాస్టారు స్కూటరు మీద చెమటలు కక్కుతూ వచ్చారు. అక్కడ జనం అరగంట నుంచి ఎదురుచూస్తున్నారట. స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా (మావయ్య పట్టుకున్నాడు) రెండు చేతులూ జోడించి, "గురువుగారూ, ఇక్కడే ఉన్నారా" అన్నారు.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆధార్ కార్డు ఇంకా నా చేతిలోనే ఉందని మాత్రం గుర్తుంది. రెండు చేతులతో తిరిగి ఇచ్చాను. ఇన్నేళ్ళుగా నేను అభిమానించిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, చచ్చిపోయిన భార్య మాట ఆయన నోట చెప్పించి, అదీ నమ్మలేదు. మాస్టారికి ఈ సంగతి తెలిస్తే జన్మలో నా ముఖం చూడరు. "ఆలస్యమైందేం?" అని మాస్టారు అడిగారు. "సోడా బాగుంది మాస్టారూ. రెండోది తాగుతున్నాను" అన్నారు రచయిత.

ప్రసంగంలోనూ ఆయన నన్ను పట్టివ్వలేదు. నేను చివరి వరసలో, స్తంభం చాటున కూర్చున్నాను. చివర్లో ఎవరో మైకు అడిగి, బస్సు దిగిన కోటమ్మ ఆ తర్వాత ఏమైందని ప్రశ్న వేశారు. ఆయన నవ్వి, "అది నాకంటే బాగా తెలిసిన అమ్మాయి ఒకామె ఈ ఊళ్ళో ఉంది. ఆవిడ దగ్గర తెలుసుకుని మీకు ఉత్తరం రాస్తాను" అన్నారు. సంతకాల కోసం వరస కట్టారు. నా వంతు వచ్చినప్పుడు పుస్తకం ముందు పెట్టి, పేరు చెప్పాను. ఆయన కలం తెరిచి, తల ఎత్తకుండానే, "రుజువు ఏమైనా ఉందామ్మా?" అన్నారు. నేను నిజంగానే పర్సులోంచి కార్డు తియ్యబోయాను.

ఆయన్ని మళ్ళీ బస్సెక్కించే పని నేనే అడిగి తీసుకున్నాను. బస్టాండుకు నడుస్తుంటే క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది గానీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయనే అన్నారు: "ఎక్కడికి వెళ్ళినా అవార్డుల గురించి అడుగుతారమ్మా. కోటమ్మ తమ్ముడి పేరు ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఆవిడ ఉంటే సంతోషించేది." నాకు కళ్ళు మసకబారాయి. అదే సమయానికి ఒక బస్సు కదలబోతోంది. "ఇది విజయవాడదేనా అమ్మా?" అన్నారు. ఆయనకు కిటికీ పక్క సీటు దొరకాలన్న ఆత్రంలో, "ఇదే సార్, ఎక్కండి ఎక్కండి" అని సంచీ అందించి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

వెనక్కి తిరిగితే మావయ్య కొట్టులోంచి బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. "అంత పెద్దాయన్ని నూజివీడు బస్సు ఎందుకెక్కించావే?" అన్నాడు.

మర్నాడు ఆయన మాస్టారికి ఫోను చేశారట. దారిలో దిగడానికి బద్ధకించి నూజివీడు దాకా వెళ్ళి, అక్కడ ఇడ్లీ తిని, బస్సు మారి ఇల్లు చేరారట. ఇడ్లీ బాగుందట. ఆ అమ్మాయిని ఏమీ అనొద్దన్నారట. ఇప్పటికీ నేను ఎవరినైనా సాగనంపడానికి వెళితే, బోర్డు చదివి, డ్రైవర్ని అడిగి, కండక్టర్ని అడిగి, చివరికి లోపల కూర్చున్న వాళ్ళని కూడా అడిగి గానీ బస్సెక్కనివ్వను. మనుషుల్ని మాత్రం అంతగా రుజువులు అడగడం మానేశాను.